తువ్వాల తీయమన్నారు సరే, అదెక్కడ రాసుందో చూపించండి

జిల్లా కోర్టుల బార్ అసోసియేషన్ల పెద్దలకు, కోర్టు హాలు తలుపు దగ్గర నిలబడే సిబ్బందికి, తీరిక దొరికితే హైకోర్టు రిజిస్ట్రీ వారికి కూడా,

నమస్కారం.

నేను లాయర్ని కాను. చిన్న హార్డ్‌వేర్ షాపు నడుపుకుంటాను. మా చిన్నాన్న ఎకరంన్నర పొలం గురించి పార్టిషన్ దావా, అంటే పంపకాల కేసు వేస్తే ఆయనకు తోడుగా వాయిదాలకు తిరగడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. ఈ తొమ్మిదేళ్లలో నా జుట్టు ఊడిపోయింది, ఎదుటి పార్టీ వాళ్లబ్బాయికి పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టారు, జడ్జీలు ఐదుగురు మారారు, మా ప్లీడరు గారి గుమాస్తా పని మానేస్తే ఆయన కొడుకు ఆ కుర్చీలోకి వచ్చాడు. కాబట్టి కోర్టంటే నాకు కొత్తా కాదు, భయమూ లేదు. అయినా మొన్న జరిగినదానికి రెండు రోజులు అన్నం సయించలేదు, అందుకే ఇది రాస్తున్నా. ఏ ఊరి కోర్టో చెప్పను. చెబితే అది ఆ ఒక్క ఊరి గొడవే అనుకుని మిగతావాళ్లు దులిపేసుకుంటారు.

ఆ రోజు చిన్నాన్నకు క్రాస్ ఎగ్జామినేషన్ ఉంది. ఆయన చెప్పదలచుకున్నదంతా రాసిన చీఫ్ అఫిడవిట్ ఎప్పుడో మా ప్లీడరు గారే టైపు చేయించి దాఖలు చేశారు, ఇక బోనెక్కి ఎదుటి లాయరు అడిగినదానికి జవాబు చెప్పడమే మిగిలింది. తొమ్మిదేళ్లుగా బెంచీ మీద కూర్చుని వచ్చిన మనిషి మొదటిసారి నోరు విప్పబోయే రోజు. ఆయనకు 71 ఏళ్లు. తెల్లారి నాలుగింటికే లేచి తలస్నానం చేసి, పెళ్లిళ్లకు మాత్రమే పెట్టెలోంచి తీసే తెల్ల పంచె కట్టుకుని, తెల్ల చొక్కా తొడుక్కుని, ఎర్రంచు తువ్వాల భుజాన వేసుకుని నాకంటే ముందే బస్టాండులో నిలబడ్డాడు. బస్సులో సీటు దొరికినా చొక్కా ఇస్త్రీ నలుగుతుందని వెనక్కి ఆనుకోలేదు. గుడికెళ్లినా ఇంత తయారవడు.

కేసు పిలిచారు. మూడోసారి పేరు పిలిచేలోపే వెళ్లాలని ఉరుకులు పరుగుల మీద వరండా దాటాం. తలుపు దగ్గర అటెండరు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏయ్, యాడికి? తువ్వాల దియ్యి ముందు. చెప్పులు బయట ఇడువు." నేనేదో అనబోయేలోపే చిన్నాన్న చెప్పులు విప్పి కాలితో గోడవారకు జరిపాడు. తువ్వాల తీశాడు. నా చేతికి ఇస్తాడేమోనని చెయ్యి చాచాను. ఇవ్వలేదు. నడుముకు చుట్టి ముందు ముడేశాడు.

తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్ల మధ్య పెరిగినవాళ్లకు ఆ ముడి ఏంటో నేను విడమరిచి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతున్నా. దొర గడి, అంటే దొర ఉండే కోటలాంటి ఇంటి ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేతబట్టుకుని, భుజం మీది తువ్వాల తీసి నడుముకు కట్టుకుని, తల వంచుకుని పోవాలి. మా తాత అట్లా నడిచాడు, ఆయన వెనక చిన్నాన్న చిన్నపిల్లాడిగా నడిచాడు. మళ్లీ ఆయన ఎవరి ముందూ అట్లా కట్టగా నేను చూడలేదు. నాకు తెలిసి ఆయనకు కట్టుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు, ఎవరో కసిరేసరికి చేతులే ఆ పని చేసేశాయి. ముడేసుకుని, వట్టి కాళ్లతో, గచ్చు మీద నడుచుకుంటూ బోనెక్కాడు.

లోపల జడ్జి మేడం ఆయన నడుము వైపు చూడను కూడా లేదు. క్రాస్ నడుస్తుండగా ఆయన మోకాలు వణకడం ఆమే గమనించి, లాయరును ప్రశ్న మధ్యలో ఆపి, కుర్చీ వేయించి, "కూర్చుని చెప్పండి, తొందరేం లేదు" అన్నారు. 'చెప్పండి' అన్నారు, 'చెప్పు' అనలేదు. తలుపు దగ్గర ఏయ్ అనిపించుకున్న మనిషి లోపల 'అండి' అనిపించుకున్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు పెద్దలు.

ఇక్కడ ఒక మాట. కోర్టులో మర్యాద వద్దనేవాణ్ణి కాను నేను. మేం చేసే పనులు చూస్తే మీకు ఒళ్లు మండడంలో తప్పు లేదు కూడా. నా సంగతే చెప్తా. నాలుగేళ్ల కింద ఒక వాయిదాకి వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నా, ఫోను సైలెంట్‌లో పెట్టాననే అనుకున్నా, ఎవరిదో సాక్ష్యం నడుస్తోంది, హాలంతా ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు, అప్పుడు మా అమ్మాయి ముచ్చటపడి పెట్టిన డప్పు రింగ్‌టోన్ నా జేబులో మోగింది. జేబులోంచి ఫోను తీయబోతే తాళంచెవులు కింద పడ్డాయి. తాళంచెవుల కోసం వంగితే ఫోను కూడా పడింది. కింద పడి కూడా మోగుతూనే ఉంది. సాక్ష్యం చెబుతున్నావిడ ఏం చెబుతోందో మర్చిపోయి నన్నే చూస్తోంది. ఫోను తీసేసుకున్నారు, సాయంత్రం జడ్జి గారు బెంచి దిగాక క్షమాపణ చెప్పి తెచ్చుకున్నా. నాకు పడాల్సిందే, నేనేం అనను. కాకపోతే అదే రోజు మధ్యాహ్నం ముందు వరుసలో ఒక నల్లకోటు గారి ఫోను కూడా మోగింది, ఆయన తీరిగ్గా చూసుకుని, కట్ చేసి, మళ్లీ జేబులో పెట్టుకున్నారు. అదీ చూశాను.

మా అక్క కొడుకు కథ ఇంకోటి. తాగి బండి నడిపి దొరికాడు, 10,000 దాకా జరిమానా పడే కేసు, మెజిస్ట్రేట్ ముందుకు వెళ్లాలి. వాడు వేసుకొచ్చిన టీషర్టు మీద ఏముందో తెలుసా, నురగ కారుతున్న బీరు గ్లాసు. వాడికి నిజంగా తట్టలేదట, చేతికందింది వేసుకొచ్చాడట! లాయరు గారు తల పట్టుకుని, కోర్టు ఎదురుగా జిరాక్స్ షాపు కుర్రాణ్ణి బతిమాలితే, ఇద్దరూ వేపచెట్టు చాటున చొక్కాలు మార్చుకున్నారు. ఆ గంటసేపూ జిరాక్స్ షాపులో బీరు గ్లాసు టీషర్టు వేసుకుని ఆ కుర్రాడు వకాలత్నామాలు జిరాక్స్ తీశాడు. వాడికి నేను టీ, సమోసా ఇప్పించాను.

ఇంకా చాలా ఉన్నాయి. గుట్కా బుగ్గన పెట్టుకుని జవాబు చెప్పేవాళ్లు, లుంగీ మోకాళ్ల పైకి ఎగ్గట్టి కాలు మీద కాలేసుకునేవాళ్లు, బోనులో ఉన్న తమ సాక్షికి వెనక నుంచి తల ఊపి సైగలు చేసేవాళ్లు, హాల్లో దొంగచాటుగా వీడియో తీసుకునే కుర్రాళ్లు. కావాలని న్యాయమూర్తిని అవమానించినా, నడుస్తున్న విచారణకు అడ్డం పడినా ఆరు నెలల దాకా జైలు, 5,000 దాకా జరిమానా ఉందని కొత్త భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 267 చెబుతోంది, ఉండాల్సిందే. కానీ ఆ సెక్షన్‌లో 'కావాలని' అనే మాట ముఖ్యం. భుజం మీద తువ్వాల వేసుకోవడం కావాలని చేసిన అవమానమా?

క్రాస్ అయిపోయాక బయట చెట్టు కింద మా ప్లీడరు గారిని అడిగాను, సార్, తువ్వాల తీయాలని రూలుందా అని. ఆయన నవ్వి, "అట్లేం లేదు, ఆనవాయితీ" అన్నారు. ఎవరి ఆనవాయితీ సార్ అన్నాను. ఇంకో సీనియర్‌ను అడిగాను, గుమాస్తాను అడిగాను, ఆఖరికి ఫైలింగ్ సెక్షన్‌లో తెలిసినాయన్ని కూడా అడిగాను. కక్షిదారు ఫలానా బట్టలు కట్టుకోవాలి, ఫలానావి కట్టుకోకూడదు అని రాసున్న కాగితం ఒక్కరు కూడా చూపించలేదు.

రాసి ఉన్నది మీకు. లాయర్లకు. 1961 అడ్వొకేట్స్ యాక్టులో, లాయర్ల దుస్తులెట్లా ఉండాలో వాతావరణాన్ని బట్టి రూల్స్ చేసుకోవచ్చని లాయర్ల జాతీయ సంస్థ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు అధికారం ఇచ్చారు, ఆ ప్రకారం వాళ్లు వివరంగా రాశారు. నల్లకోటు, తెల్ల కాలర్, మెడ దగ్గర కట్టుకునే తెల్ల బ్యాండ్, గౌను. గౌను సుప్రీంకోర్టులో, హైకోర్టుల్లో తప్పనిసరి, కింది కోర్టుల్లో మీ ఇష్టం. ఎండాకాలంలో కింది కోర్టుల్లో నల్లకోటు కూడా తప్పనిసరి కాదు. ఆడ లాయర్లకు చీర, సల్వార్ కుర్తా, ఏ రంగులు, ప్రింటు ఉండొచ్చా వద్దా, అన్నీ ఉన్నాయి. ఇక మగ లాయర్లు నడుము కింద ఏం వేసుకోవచ్చో రాసిన చోట ప్యాంటుతోపాటు ఇంకో మాట ఉంది, చదివి రెండుసార్లు చూసుకున్నాను. ధోవతి. జీన్స్ కూడదు గానీ ధోవతి వేసుకోవచ్చట! అంటే మా చిన్నాన్న కట్టుకున్న తెల్ల పంచె సాక్షాత్తు లాయర్ల రూల్స్ పుస్తకంలోనే ఉంది, మీలో ఒక్కరు కూడా కట్టుకోరు గానీ.

అదే పుస్తకంలో ఇంకో రూలు కూడా ఉంది, కోర్టు బయట జనంలో బ్యాండు, గౌను వేసుకుని తిరగకూడదని. మధ్యాహ్నం కోర్టు ఎదురుగా మిర్చి బజ్జీల బండి దగ్గర ఎన్ని తెల్ల బ్యాండ్లు కనిపిస్తాయో నేను లెక్కపెట్టను, మీరే ఒకసారి చూసుకోండి. బజ్జీ తింటే కోర్టు గౌరవం పోయిందని నేననడం లేదు, బజ్జీ బాగుంటుంది కూడా. రాసి ఉన్న రూలు మీకు చూసీ చూడనట్టు, రాసి లేని రూలు మాకు మెడ మీద కత్తిలాగా ఎందుకుందని అడుగుతున్నా.

జడ్జి గారిని ఏమని పిలవాలన్న గొడవా అంతే. మా చిన్నాన్న ముందు రోజు రాత్రి నాకు ఫోను చేసి, "మైలార్డ్ అనాల్నారా, నాకు నోరు తిరుగుతలేదు" అని ఒకటే టెన్షన్. అద్దం ముందు ప్రాక్టీసు కూడా చేశాడట. పాపం ఆయనకు తెలిసిన కోర్టు అంతా సినిమాల్లోదే. సుత్తి పెట్టి బల్ల మీద కొట్టి ఆర్డర్ ఆర్డర్ అనడం, భగవద్గీత మీద చెయ్యి వేయించడం, ఇవేవీ నిజం కోర్టుల్లో ఉండవని ఆయనకెవరు చెప్పారు? 1969 ఓత్స్ యాక్టు ప్రకారం దేవుడి పేరు మీద ప్రమాణం చేయొచ్చు, దేవుడి మాట లేకుండానూ చేయొచ్చు, పుస్తకంతో పని లేదు. మైలార్డ్ అయితే వలస పాలన నాటి అవశేషమని 2006లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియానే చెప్పింది, కింది కోర్టుల్లో సర్ అన్నా, మన భాషలో దానికి సమానమైన మాట అన్నా చాలని రాసింది. మమ్మల్ని అట్లాగే పిలవాలని మేమెప్పుడన్నాం, మర్యాదగా పిలిస్తే చాలని 2014లో సుప్రీంకోర్టు కూడా అంది. అయినా మీరు మైలార్డ్ అనడం మానలేదు, మిమ్మల్ని చూసి మేం నేర్చుకుంటాం. అద్దం ముందు నిలబడి మైలార్డ్ ప్రాక్టీసు చేసిన 71 ఏళ్ల రైతు చివరికి బోనులో "అమ్మా" అన్నాడు. మేడం ఏమీ అనలేదు.

బట్టల విషయంలో పెద్ద పెద్దవాళ్లకే తప్పలేదులెండి. 2022లో పాట్నా హైకోర్టులో ఒక సీనియర్ ఐఏఎస్ అధికారి బ్లేజర్ లేకుండా, మెడ బొత్తాం పెట్టుకోకుండా వచ్చారని జడ్జి గారు ఇదేమన్నా సినిమా హాలనుకున్నారా అని నిలబెట్టి అడిగిన వీడియో దేశమంతా తిరిగింది. ఆ తర్వాత 2024 జనవరి 3న సుప్రీంకోర్టు, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ఒక కేసులో, ప్రభుత్వ అధికారులను కోర్టుకు పిలిచినప్పుడు ఎట్లా చూసుకోవాలో వివరంగా రాసింది. వాళ్ల ఉద్యోగానికంటూ ప్రత్యేకంగా ఒక డ్రెస్ కోడ్ ఉండి దాన్ని తప్పితే తప్ప వాళ్ల బట్టల మీద వ్యాఖ్యలు చేయొద్దంది. రూపం మీద, చదువు మీద, సమాజంలో వాళ్ల స్థాయి మీద మాట్లాడొద్దంది. కేసు నడుస్తున్నంతసేపూ నిలబెట్టొద్దని, తమ వంతు వచ్చినప్పుడు లేస్తే చాలని కూడా అంది.

చదివి చాలా సంతోషపడ్డాను. చదివాక ఒక్క ప్రశ్న మిగిలింది. అధికారికి ఇచ్చిన ఈ మర్యాద, జీతం లేని, బ్లేజర్ లేని, ఆ అధికారి ఆఫీసులోనే చెప్పులరిగేలా తిరిగి అక్కడ పని కాక కోర్టుకొచ్చిన మా చిన్నాన్నకెందుకు రాదు? మా కోర్టులోనే ఒకసారి ఒక ఆఫీసరు సాక్ష్యానికి వచ్చారు, కాలరున్న టీషర్టు, స్పోర్ట్స్ బూట్లు. అటెండరు ఎదురెళ్లి తలుపు తీశాడు.

బట్టలతో మనిషిని తూచడం మన దగ్గర మాత్రమే ఉన్న జబ్బు కాదనుకోండి. 1893లో గాంధీ దక్షిణాఫ్రికాలోని డర్బన్ వెళ్లిన కొత్తలో అక్కడి కోర్టుకు తలపాగాతో వెళ్తే మెజిస్ట్రేటు తీసేయమన్నాడు, ఆయన తీయకుండా బయటికి నడిచాడు, దాని మీద పేపర్లకు రాశాడు కూడా. ఇది అందరికీ తెలిసిందే. తర్వాతి సంగతి చాలామంది చెప్పరు. ఆ మరుసటి ఏడాది నాటాల్ సుప్రీంకోర్టులో లాయరుగా చేరినప్పుడు, ఇక్కడి లాయర్ల పద్ధతి ప్రకారం తలపాగా తీయాలని చీఫ్ జస్టిస్ అంటే అదే గాంధీ తీసేశాడు. నాకు ఈ రెండో సగమే ఎక్కువ నచ్చుతుంది. లాయరుగా చేరాడు కాబట్టి లాయర్ల పద్ధతికి ఒప్పుకున్నాడు. చూడ్డానికి వచ్చినవాడిగా ఉన్నప్పుడు ఒప్పుకోలేదు. మీకూ మాకూ తేడా అదే కదా, కోటు మీ వృత్తి, మేమేమో గతిలేక వచ్చినవాళ్లం.

ఆడవాళ్లకు ఇంకో రకం. మా వీధిలో ఒకమ్మాయి భర్త మీద మనోవర్తి కేసు వేసింది. మొదటి వాయిదాకి కాస్త మంచి చీర కట్టుకెళ్తే, ఎదుటివాళ్లు ఈ చీర చూడండి, ఈమెకు మనోవర్తి ఎందుకు అన్నారట. రెండో వాయిదాకి పాత నైలాన్ చీర కట్టుకెళ్తే సొంత లాయరే, మరీ ఇంత వద్దమ్మా నాటకంలా ఉంది అన్నారట. పంజాబీ డ్రెస్ వేసుకోవాలా, మంగళసూత్రం బయటికి కనిపించాలా లోపల పెట్టుకోవాలా, బొట్టు ఎంత ఉండాలి, ఇవన్నీ ఆ పిల్లకు కేసు కంటే పెద్ద తలనొప్పి అయిపోయాయి. లాయరమ్మలనైనా వదిలారా, 2022లో పుణె జిల్లా కోర్టులో, మహిళా లాయర్లు కోర్టు హాల్లో జుట్టు సర్దుకుంటున్నారు, దానివల్ల కోర్టు పనికి ఆటంకమవుతోంది, మానుకోండని నోటీసే అంటించారు. గోల అయ్యాక తీసేశారు. మగ లాయర్లు దువ్వెనతో క్రాపు సరిచేసుకోవడం కోర్టు పనికి ఆటంకమని నోటీసు ఎక్కడైనా అంటించారేమో నాకైతే కనపడలేదు.

కరోనా వచ్చినప్పుడు చూడండి, ఇవన్నీ ఎంత తేలిగ్గా మారిపోయాయో. 2020 మే 13న సుప్రీంకోర్టే సర్క్యులర్ ఇచ్చింది, వీడియోలో వాదించేటప్పుడు కోటూ గౌనూ అక్కర్లేదు, తెల్ల చొక్కా, తెల్ల బ్యాండ్ చాలని. అంతకుముందే రాజస్థాన్ హైకోర్టులో ఒక లాయరు గారు బనియన్‌తో వీడియోలోకొస్తే విచారణ వాయిదా వేశారు, అది వేరే సంగతి. బనియన్‌తో రాకూడదని ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ మాత్రం ఇంగితం మాకూ ఉంది, మీకూ ఉండాలి. నేనడిగేది ఆ ఇంగితానికీ, తువ్వాలకూ మధ్య గీత ఎక్కడుందో, ఎవరు గీశారో చెప్పమని.

ఆ అటెండరు మీద నాకు కోపం చల్లారింది. క్రాస్ తర్వాత వెళ్లి అడిగాను, "అన్నా, ఎందుకట్లన్నవ్?" అని. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు, వెనకటి జడ్జి గారొకరు భుజం మీద తువ్వాలతో ఎవరో లోపలికొస్తే ముందు ఈయన్నే పిలిచి అందరి ముందు తిట్టారట. ఆ జడ్జి బదిలీ అయి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తు లేదు. రూలు మాత్రం తలుపు దగ్గర అట్లాగే నిలబడిపోయింది. పొద్దున పదిన్నర నుంచి సాయంత్రం దాకా నిలబడి, హాల్లో ఎవరి ఫోను మోగినా ముందు తిట్లు తనకే పడతాయన్నాడు. ఆయన్ని సస్పెండ్ చేయమనో, మెమో ఇవ్వమనో అడగడానికి ఈ లేఖ రాయడం లేదు, దయచేసి ఆ పని మాత్రం చేయకండి. ఆయన చేతికి కూడా రాసిన కాగితం ఏదీ ఎవరూ ఇవ్వలేదు, అదే నా గోడు.

నేనడిగేది చిన్న పని. కోర్టు హాలు బయట ఆ రోజు కేసుల జాబితా, అదే కాజ్‌లిస్ట్ అంటించే బోర్డు పక్కన తెలుగులో ఒక్క బోర్డు పెట్టండి. లాయర్లు వకాలత్నామా మీద సంతకం పెట్టించుకునే రోజే అదే సంగతి కాగితం మీద క్లయింటు చేతిలో పెట్టండి, చదువు రానివాళ్లకు గుమాస్తా చదివి వినిపించాలి. రాసే తీరిక మీకు లేదంటారేమోనని నేనే రాశాను, తప్పులుంటే దిద్దండి:

"జడ్జి గారు వచ్చేటప్పుడు, లేచి వెళ్లేటప్పుడు నిలబడండి. లోపలికి వచ్చేటప్పుడు, బయటికి వెళ్లేటప్పుడు ఒక నమస్కారం చాలు. ఫోను సైలెంట్‌లో కాదు, ఆపేసి లోపలికి రండి. నోట్లో గుట్కా, పాన్ ఉంటే ఉమ్మేసి కడుక్కుని రండి, మా గోడ మీద ఉమ్మకండి. బట్టలు ఉతికినవైతే చాలు. పంచె, లుంగీ, చీర, పంజాబీ డ్రెస్, ప్యాంటు ఏదైనా ఫర్వాలేదు, లుంగీ మాత్రం దించుకోండి. నిక్కర్లతో, ఒట్టి బనియన్లతో రాకండి. నల్ల కళ్లద్దాలు, టోపీ తీయండి. తలపాగా, తువ్వాల, చెప్పులు ఉండొచ్చు. జడ్జి గారిని సార్, మేడం, అయ్యా, అమ్మా, ఎట్లా పిలిచినా తప్పు లేదు. అడిగినదానికి గట్టిగా, జడ్జి గారి వైపు చూసి జవాబు చెప్పండి. ప్రశ్న అర్థం కాకపోతే అర్థం కాలేదనండి. మీ సాక్ష్యం ఇంగ్లీషులో రాసుకుంటే తెలుగులో చెప్పమని అడగండి. ఎదుటి లాయరు రెచ్చగొట్టినా ఆయనతో పోట్లాడకండి, మీ లాయరు చూసుకుంటారు. వయసైనవాళ్లు, ఒంట్లో బాగాలేనివాళ్లు, గర్భిణులు కుర్చీ అడగొచ్చు. ఇక్కడ పనిచేసేవాళ్లు మిమ్మల్ని 'మీరు' అని పిలుస్తారు."

చివరి లైను దగ్గర మా ప్లీడరు గారు ఆగిపోయి, "ఇది ఒప్పుకుంటారంటావా?" అన్నారు. మిగతావన్నీ ఒప్పుకుంటారట, ఆ ఒక్కటే డౌటట. నాకు మాత్రం ఆ ఒక్క లైను లేకపోతే మిగతా బోర్డు వద్దు.

సాక్ష్యం ఇంగ్లీషులో రాసుకోవడం గురించి ఒక ముక్క చెప్పి ముగిస్తా. చిన్నాన్న తెలుగులో చెప్పాడు, మేడం ఇంగ్లీషులో డిక్టేట్ చేశారు, స్టెనో టైపు చేశాడు. వేరే భాషలో రాసిన సాక్ష్యం సాక్షికి అర్థం కాకపోతే అతనికి తెలిసిన భాషలో చెప్పాలని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఎప్పటి నుంచో ఉంది. ఆ రోజు చేతిలో పెన్ను పెట్టి సంతకం చేయమన్నారు, చేశాడు. బయటికొచ్చాక, "బావి పక్క గట్టు సంగతి కూడా రాసుకున్నరారా?" అని అడిగాడు నన్ను. నాకేం తెలుసు. ప్లీడరు గారిని అడిగితే రాసుకున్నారన్నారు. దారి పొడవునా ఇంకో రెండుసార్లు అడిగాడు. బట్టల గురించి ఒక్క మాట కూడా ఎత్తలేదు, తువ్వాల మాత్రం బస్సులో కూర్చున్నాక కూడా నడుముకే ఉంది, నేనే చూసి, చిన్నాన్నా, తువ్వాల, అంటే కిందికి చూసుకుని గబగబా విప్పేశాడు.

ఆర్గ్యుమెంట్లకు వచ్చే నెల వాయిదా. నిజానికి దానికి ఆయన రావాల్సిన పని లేదు, ప్లీడరు గారు చూసుకుంటారు. కానీ వస్తానంటున్నాడు. ఈసారి తువ్వాల ఇంట్లో పెట్టొస్తావా అని అడిగా. "ఎండకాలం కదరా, చెమటెట్ల తుడుచుకోవాలె?" అన్నాడు.

బోర్డుకయ్యే ఖర్చు నాది. రేకు, పెయింటు నా షాపులోనే ఉన్నాయి, రాసే ఆర్టిస్టు కూడా మా వీధివాడే. ఎక్కడ బిగించాలో చెబితే వాయిదా రోజున డ్రిల్లింగ్ మిషన్‌తో సహా వస్తాను.

ఇట్లు,
తొమ్మిదేళ్లుగా వెనక బెంచీలో కూర్చుంటున్న ఒక కక్షిదారుడి అన్న కొడుకు